ఏడు నిమిషాల ఊపిరి

పాముకాట్లు చూసే డాక్టరుకు ఫణీంద్ర అని పేరు పెట్టినవాళ్ళు ముందే ఏం ఊహించారో గాని, ఆ వానాకాలం ఆయనకు మరో జబ్బు చూసే తీరిక దొరకలేదు. కృష్ణకు వరదొచ్చి లంకల్లోకి నీళ్ళెక్కాయి. నీళ్ళెక్కితే గట్ల మీదా పుట్టల్లోనూ ఉండే పాములకు మాత్రం వేరే దిక్కేముంది, అవీ మనుషుల ఇళ్ళలోకే వస్తాయి. నది చివరనున్న ఆ ఊరికి ఉన్నదల్లా ముప్ఫై పడకల ఆస్పత్రి, అందులో నాలుగు పడకల ఐసీయూ. ఒక్క వారంలో పదకొండు మందిని మోసుకొచ్చారు.

ఆ ఐసీయూలో సలోమి నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది. సూది గుచ్చేటప్పుడు చేతులు వణకడం మానేసి మూడు నెలలే. సీనియర్ సిస్టర్ రత్నకుమారి ఆమెను ఇంకా "కొత్తమ్మాయ్" అనే పిలుస్తుంది. అలా ఎన్నాళ్ళు పిలుస్తారని సలోమి ఒకసారి అడిగితే, "ఇంకో కొత్తమ్మాయి వచ్చేదాకా" అంది. ఖాళీ పోస్టులకు మనుషులు వచ్చే ఆస్పత్రి కాదది, కాబట్టి ఆ పేరు ఇప్పట్లో పోదని సలోమి సరిపెట్టుకుంది.

ఆ రోజు పొద్దున ఆరున్నరకు ఆమె డ్యూటీకి వచ్చి చేతులు కడుక్కుంటూ ఉండగా గుమ్మం ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. రెల్లులంక రైతు ఏడుకొండలు నడుపుతున్నాడు. వెనక భార్య తిరుపతమ్మ. ఇద్దరి మధ్యా తొమ్మిదేళ్ళ కొడుకు చరణ్. పిల్లాడు జారిపోకుండా తువ్వాలుతో తండ్రి నడుముకు బిగించి కట్టారు.

"పిల్లోణ్ణి కట్లపాము కరిచిందండీ. కళ్ళు తెరవట్లేదు," అన్నాడు ఏడుకొండలు. మాట ముద్దముద్దగా వచ్చింది. తువ్వాలు ముడి విప్పుతున్న సలోమి తలెత్తి చూస్తే అతని కనురెప్పలూ సగానికి వాలిపోయి ఉన్నాయి. చీలమండ మీద రెండు చుక్కలు. ఒకే చాప మీద పడుకున్న తండ్రినీ కొడుకునీ ఒకే పాము కరిచింది. తనను దోమ కుట్టిందనుకుని పద్దెనిమిది కిలోమీటర్లు బురదలో బండి నడుపుకొచ్చాడు. పిల్లాణ్ణి దించి లోపలికి తీసుకెళ్ళేదాకా నిలబడి, తర్వాత బండితో పాటు పక్కకు ఒరిగిపోయాడు.

కట్లపాము కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత గొంతు పోతుంది, ఆ తర్వాత ఊపిరి తీసే కండరం పోతుంది. తెలివి మాత్రం పోదు. మనిషికి అన్నీ వినిపిస్తుంటాయి, అన్నీ తెలుస్తుంటాయి, వేలు కదపలేడు. విరుగుడు మందు ఎక్కించినా ఆ పట్టు వదలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అన్నాళ్ళూ ఎవరో ఒకరు ఊపిరి పోయాలి.

ఊపిరి పోసే వెంటిలేటర్లు ఆస్పత్రికి రెండున్నాయి. ఒకదాని మీద పురుగుమందు తాగిన ముసలాయన ఉన్నాడు. రెండోదాని బోర్డు కాలిపోయింది. బాగుచేసేవాడు విజయవాడలో ఉన్నాడు, విజయవాడ రోడ్డు నీళ్ళలో ఉంది. మిగిలింది చేత్తో నొక్కే అంబు సంచి. దాన్ని పట్టుకుని రత్నకుమారి, డాక్టర్ ఫణీంద్ర పక్క గదిలో తండ్రి మీద పడ్డారు.

"కొత్తమ్మాయ్, పిల్లాడికి జతపట్టీ కట్టేయ్. ఉన్నది ఒకటే సెట్టు," అని అరిచాడు డాక్టరు.

జతపట్టీ నాలుగు నెలల కిందట విశాఖలోని ఒక పరిశోధనశాల నుంచి వచ్చింది. సలోమి పిల్లాడి మెడకు రెండు పక్కలా రూపాయి బిళ్ళలంత బిళ్ళలు అంటించింది. పక్కన కుర్చీలో తిరుపతమ్మను కూర్చోబెట్టి, ఆమె రొమ్ము కింద వెడల్పాటి పట్టీ చుట్టి, రెంటినీ మధ్యలోని చిన్న పెట్టెకు కలిపింది.

"అక్కా, ఇప్పుడు మెల్లగా ఊపిరి తీసుకో."

తిరుపతమ్మ ఊపిరి తీసుకుంది. మంచం మీద చరణ్ పొట్ట పైకి లేచింది. ఆమె వదిలింది. పొట్ట దిగింది. తెరమీద ప్రాణవాయువు అంకె డెబ్భై ఒకటి నుంచి నెమ్మదిగా పైకి కదిలింది.

"ఇదేంటమ్మా," అంది తిరుపతమ్మ భయంగా.

"నీ ఊపిరే వాడికి పోతోంది. వాడి కండరాన్ని నీ నరం నడిపిస్తోంది. నువ్వు నెమ్మదిగా ఉన్నంతసేపూ వాడికేం కాదు. నువ్వు కంగారుపడితే వాడికి అందదు."

"పడను. మరి మా ఆయనకి ఎవరు కడతన్నారు?"

"ఆయనకు డాక్టరు గారే పోస్తున్నారు," అంది సలోమి. అప్పటికి అది నిజమే.

పట్టీ సంగతి సలోమికి పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. దాన్ని కనిపెట్టిన డాక్టర్ వైదేహి స్వయంగా వచ్చి, ఆస్పత్రి మీటింగు హాల్లో బల్ల మీద సలోమినే పడుకోబెట్టింది. పట్టీ రత్నకుమారికి కట్టింది. సలోమిని ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టింది. అయినా రొమ్ము లేచింది. తన ఇంట్లోకి ఎవరో అడగకుండా వచ్చి పీట వేసుకుని కూర్చున్నట్టనిపించింది. రత్నకుమారి నవ్వితే సలోమి పొట్ట కదిలింది, హాలంతా నవ్వారు. ఏడో నిమిషం దాటగానే వెక్కిలి పట్టింది. కండరం బిగుసుకుపోయి కళ్ళు తేలేసింది. వెంటనే విప్పేశారు.

"పరాయివాళ్ళ ఊపిరిని ఒళ్ళు ఏడు నిమిషాలే ఒప్పుకుంటుంది. రక్తసంబంధమైతే రెండు మూడు రోజులు. ఎందుకో నాకూ పూర్తిగా తెలీదు," అంది వైదేహి, దాచకుండా. "ఇంకోటి. మొదలుపెట్టాక ఒక్క నిమిషం తెగినా ఆ కండరం మళ్ళీ తాళం అందుకోదు. అప్పుడిక వెంటిలేటరే. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైంది. ఊపిరి ఇచ్చేవాళ్ళకు చెడు కబురు చెప్పొద్దు. మా ల్యాబులో ఒకాయన చెల్లెలికి ఇస్తూ ఫోన్లో ఒక తగాదా విన్నాడు. ఆ పిల్ల మాకు దక్కలేదు."

ఆ మూడో నియమం విన్నప్పుడు సలోమికి ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. అయినా తలాడించింది.

ఎనిమిదీ పదికి ఏడుకొండలు పోయాడు.

అంతకుముందు గంటన్నర సేపు సలోమి రెండు గదుల మధ్యా తిరుగుతూనే ఉంది. మందు ఎక్కించడానికి అతని గజ్జల్లో నరం వెతకాల్సి వస్తే, నడుముకున్న నల్ల మొలతాడు అడ్డొచ్చింది. ముడి తడిసి బిగుసుకుపోయింది. కత్తెరతో తనే కోసింది. ఆ తర్వాత గుండె ఆగింది, డాక్టరు రొమ్ము మీద నొక్కాడు, రత్నకుమారి సంచి నొక్కింది, వంతులు మారారు, ఏదీ పనిచేయలేదు. చేతులు దించేశాక డాక్టరు మొదట చెప్పింది చావు టైము కాదు.

"ఆవిడకు తెలియకూడదు. పిల్లాడు వాడంతట వాడు తీసుకునేదాకా తెలియకూడదు. అర్థమైందా?"

"రెండు రోజులా సార్?"

"ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

సలోమి మళ్ళీ ఐసీయూలోకి వచ్చింది. మాస్కు ఉండబట్టి సరిపోయింది. తిరుపతమ్మ కళ్ళతోనే అడిగింది. "ఇంకా చూస్తున్నారక్కా," అని పిల్లాడి మెడ కింద గుడ్డ సర్దింది. పచ్చి అబద్ధం. చెప్పినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ అసహ్యానికి ఒక పాత కారణం ఉంది. నర్సింగు రెండో ఏడు చదివేటప్పుడు గుంటూరు హాస్టలుకు ఫోనొచ్చింది. "నాన్నకు కొంచెం నలతగా ఉంది, ఓసారి వచ్చిపో" అన్నాడు మేనమామ. నలతే కదా అని సలోమి తీరిగ్గా తలంటుకుని, బస్టాండులో నాన్నకు ఇష్టమని డజను బత్తాయిలు బేరమాడి కొని, బస్సులో పక్కావిడతో నవ్వుతూ కబుర్లు చెబుతూ వెళ్ళింది. సంచి పట్టుకుని సందు మలుపు తిరిగేసరికి నాన్న ఉన్న పెట్టెకు మేకులు కొట్టేశారు. పాస్టరు గారికి ఇంకో ఊళ్ళో కూటం ఉందట. దారిలో కంగారుపడతావని చెప్పలేదమ్మా, అన్నారు అందరూ. అందరూ ఎంత మంచివాళ్ళో. ఆ రోజు నుంచి సలోమి బత్తాయి ముట్టలేదు. మేనమామతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు.

పదింటికి ఏడుకొండలు తల్లి వీరమ్మ పడవ దిగి వచ్చింది. గేటు దగ్గరే సలోమి ఎదురెళ్ళి, పక్కకు తీసుకెళ్ళి, కొడుకు పోయాడని చెప్పింది. వెంటనే ఆవిడ నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. అలా చెయ్యి పెట్టాల్సి వస్తుందని ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

"మామ్మా, నీ మనవడు కోడలి ఊపిరితో బతుకుతున్నాడు. ఆవిడ ఏడిస్తే వాడు పోతాడు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

వీరమ్మ తలూపింది. కొడుకును ఒక్క నిమిషం చూసి వచ్చింది. తర్వాత పైటతో మొహం గట్టిగా తుడుచుకుని, ఐసీయూ తలుపు తోసింది.

"ఏమే, పొద్దుణ్ణించి కాఫీ చుక్కయినా తాగావా? మొహం చూడు ఎట్టా అయిందో," అని కోడల్ని కసిరింది.

"ఆయన్ని చూశావా అత్తా? ఎట్టా ఉన్నాడు?"

"ఎట్టా ఉంటాడు. పడుకున్నాడు. కదలమాకంట డాక్టరు." వీరమ్మ ఫ్లాస్కు మూత తిప్పింది. కాఫీ సగం నేల మీద పోయింది. "దిక్కుమాలిన మూత," అని తిట్టింది. కోడలు చిన్నగా నవ్వింది. చరణ్ పొట్ట కూడా ఆ నవ్వుకు కదిలింది. సలోమి మందుల అల్మరా వైపు తిరిగి, తీయాల్సినదేమీ లేకపోయినా సీసాలు వెతికింది.

అంకె తొంభై ఆరు దగ్గర నిలకడగా ఉంది.

తప్పు పన్నెండు గంటలకు జరిగింది. ఎవరు పోయినా వాళ్ళ ఒంటిమీదవి కవర్లో వేసి ఇంటివాళ్ళ చేతికివ్వడం ఆ ఆస్పత్రిలో అలవాటు. ఆ పని ఆయా కనకమ్మది. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన కనకమ్మకు పట్టీ నియమాలు ఎవరూ చెప్పలేదు. కాకపోతే ఐసీయూలో గట్టిగా మాట్లాడకూడదని తెలుసు కాబట్టి, మాట్లాడకుండా వచ్చి తిరుపతమ్మ ఒళ్ళో కవరు పెట్టి వెళ్ళిపోయింది. అందులో ఫోను, బండి తాళాలు, కోసిన మొలతాడు.

బతికున్న మగాడి మొలతాడు ఎవరూ తెంపరు. తిరుపతమ్మ దాన్ని బయటికి తీసి చూసింది. ఊపిరి ఆగింది. మంచం మీద పొట్టా ఆగింది. తెర కీచుమనడం మొదలుపెట్టింది. తొంభై, ఎనభై ఆరు, ఎనభై ఒకటి.

"అక్కా, నేనే కోశాను," అంది సలోమి, ఆమె రెండు భుజాలూ పట్టుకుని. "సూదికి అడ్డొచ్చిందని ఈ చేతుల్తో నేనే కోశాను. అప్పుడాయన గుండె కొట్టుకుంటూనే ఉంది. ఒట్టు. నన్ను చూడు. తీసుకో. నాతో పాటు తీసుకో."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం ఆమె జన్మలో ఆడలేదు. తిరుపతమ్మ ఆమె కళ్ళలోకి చూస్తూ ఊపిరి తీసుకుంది. అంకె పైకి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మొలతాడు మాత్రం ఆమె పిడికిట్లోనే ఉండిపోయింది.

బయట వరండాలో కానిస్టేబులు కాగితాలతో ఎదురుచూస్తున్నాడు. పాముకాటు చావుకు పోస్టుమార్టం తప్పదు.

"నీళ్ళు కరకట్ట దాటకముందే పెద్దాస్పత్రికి పంపెయ్యాలమ్మా. ట్రాక్టరు ఒంటిగంటకు బయల్దేరుద్ది. వాళ్ళ బాబాయి కొడుకులు ఎక్కి కూర్చున్నారు."

"అక్కడి నుంచి ఇంటికి తెస్తారా?"

"ఏ ఇల్లు? లంకలో వల్లకాడు కూడా మునిగింది గదా. ఆ ఊళ్ళోనే కానిచ్చేత్తారు."

అంటే ఆమె మళ్ళీ చూడదు. సలోమి గడియారం చూసింది. పన్నెండూ నలభై. పది మీటర్ల దూరంలో, గోడ అవతల, తెల్లగుడ్డ కింద మనిషున్నాడు. ఇరవై నిమిషాల తర్వాత ఉండడు.

వైదేహికి ఫోను చేసింది. అవతల ఏదో యంత్రం హోరు. సంగతంతా విని వైదేహి, "వద్దు సలోమీ. ఒక మనిషి దుఃఖం తర్వాతైనా పడొచ్చు. పిల్లాడి ఊపిరి తర్వాత రాదు," అంది.

"దుఃఖం తర్వాత పడొచ్చు మేడమ్. మొహం తర్వాత కనపడదు."

"ఏం చేస్తావు మరి?"

సలోమి ఫోను పెట్టేసింది. పెట్టెకు రెండో సాకెట్టు ఉంది. ఊపిరి ఇచ్చేవాళ్ళు మారాల్సి వస్తే మధ్యలో తెగకుండా ఉండటానికి పెట్టింది. వీరమ్మదీ రక్తమే, కానీ కొడుకు పోయిన ఆ మనిషి ఊపిరి ఎప్పుడు విరుగుతుందో తెలీదు. సలోమి లోపలికెళ్ళి అదనంగా ఉన్న విడిపట్టీ తీసి, యూనిఫాం మీంచే తన రొమ్ము కింద బిగించుకుంది. ఈ పిల్లాడు తన చేతిలో పోతే తనకు ఉద్యోగమే కాదు, నిద్ర కూడా ఉండదని ఆమెకు తెలుసు.

తిరుపతమ్మ ఆమెనే చూస్తోంది. ఏ మాటా చెప్పకముందే ఆ పట్టీ అంతా చెప్పేసింది.

"ఎప్పుడమ్మా," అంది.

"పొద్దున్నే అక్కా. నన్ను తర్వాత తిట్టు. ఏడు నిమిషాలు వాడికి నేను పోస్తాను. ఎనిమిదో నిమిషం నావల్ల కాదు. చూసి, ఏడ్చి, తిరిగి రావాలి. వస్తావా?"

"వత్తాను."

సలోమి తీగ గుచ్చింది, రెండు ఊపిరులు ఆమెతో కలిపి తీసింది, అప్పుడు పాత తీగ లాగింది. పొట్ట లేచింది. వీరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

మొదటి నిమిషం ఏమీ వినిపించలేదు. రెండో నిమిషంలో గోడ అవతలి నుంచి ఆ కేక వచ్చింది.

"పిల్లోణ్ణి తెచ్చావు గదయ్యా. నిన్ను నువ్వు తెచ్చుకోలేకపోయావా? అంత దూరం నడిపావే, నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

పొద్దుణ్ణించీ మనవడి కోసం నోరు మూసుకున్న వీరమ్మ గొంతు కూడా అందులో కలిసింది. సలోమి ఊపిరి సగంలో విరిగింది, అంకె తొంభై మూడుకు పడింది. కళ్ళు సెలైను సీసాకు అతికించింది. చుక్కకు ఒక లెక్క. మూడు చుక్కలు లోపలికి, నాలుగు బయటికి. మేకులు కొట్టిన పెట్టె గుర్తుకొచ్చింది, పక్కకు నెట్టింది. బత్తాయిల వాసన వచ్చింది, దాన్నీ నెట్టింది. తన జీవితంలో తనకు దక్కని ఏడుపు అవతల ఎవరో ఏడుస్తుంటే, ఇవతల కూర్చుని మూడు చుక్కలు లోపలికి, నాలుగు బయటికి.

ఐదో నిమిషంలో డాక్టర్ ఫణీంద్ర పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. తిట్టబోయి, తెర చూసి, పట్టీ చూసి నోరు మూసుకున్నాడు. తిడితే ఎవరికి తగులుతుందో ఆయనకు తెలుసు. గడియారం చేతిలోకి తీసుకున్నాడు.

ఆరో నిమిషం దాటగానే చరణ్ రొమ్ములో ఎక్కడో పట్టేసినట్టయింది. పొట్ట సగమే లేచింది. పరాయి ఊపిరని ఆ ఒళ్ళు కనిపెట్టేసింది. ఎనభై ఎనిమిది. ఎనభై నాలుగు. అక్కా రా, అని అరవాలనుంది సలోమికి. అరిస్తే తాళం తెగిపోతుంది. కళ్ళతో డాక్టరును వేడుకుంది. ఆయన తలుపు వైపు కదిలేలోపే బయట వీరమ్మ గొంతు వినిపించింది.

"లే తల్లీ. వీడికింక నువ్వక్కర్లేదు. నీ కొడుకు కాడికి పద."

తిరుపతమ్మ వచ్చింది. జుట్టు ఊడిపోయి ఉంది, మొహమంతా తడి. వచ్చి కుర్చీలో కూలబడి చేతులు పైకెత్తింది.

"కట్టమ్మా."

డాక్టరే వంగి తీగ గుచ్చాడు. సలోమి తన తీగ లాగేసింది.

తిరుపతమ్మ నెమ్మదిగా తీసుకోవాలనే చూసింది. కానీ అంత ఏడ్చిన మనిషికి ఊపిరి తిన్నగా ఎక్కడొస్తుంది. లోపలికి పోతూ పోతూ మూడు ముక్కలైంది. వెక్కింది. మంచం మీద చరణ్ రొమ్ము అలాగే మూడు ముక్కలుగా లేచి, వెక్కి, దిగింది. మళ్ళీ వెక్కింది. వాడూ వెక్కాడు. బిగుసుకుపోతున్న కండరం ఆ వెక్కిలిని తల్లిదని గుర్తుపట్టి వదులైంది. ఎనభై రెండు దగ్గర అంకె ఆగింది. ఎనభై ఐదు. ఎనభై తొమ్మిది.

కదలని మొహంతో, వాలిపోయిన రెప్పలతో, ఆ పిల్లాడు తల్లి వెక్కిళ్ళతో ఏడుస్తున్నాడు. కంటి చివర నుంచి ఒక చుక్క జారి చెవిలోకి పోయింది. తుడుద్దామని దూది తీసిన సలోమి తుడవకుండా నిలబడిపోయింది. బయట ట్రాక్టరు కదిలిన చప్పుడైంది. ఇప్పుడు తను ఏడవొచ్చని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. పట్టీ విప్పకుండానే, గోడకు తల ఆనించి, మూడేళ్ళ ఏడుపు ఏడ్చింది.

మూడో రోజు పొద్దున చరణ్ రెప్పలెత్తాడు. సాయంత్రానికి తనంతట తను ఊపిరి తీసుకున్నాడు. ఈలోగా సలోమికి నియమం తప్పినందుకు మెమో వచ్చింది. దాని మీద సంతకం చేసిన డాక్టర్ ఫణీంద్రే, జవాబు ఎలా రాయాలో కూడా ఆమెకు చెప్పాడు. వరద తీశాక చుట్టాలందరూ దిగారు. దిగగానే వరండాలో గుంపుగా చేరి, పిల్లాడికి ఇప్పుడే చెప్పొద్దని, నాన్న విజయవాడలో ఉన్నాడని చెప్పాలని నిర్ణయించారు. అందరూ మంచివాళ్ళే.

సలోమి వాళ్ళను దాటుకుని లోపలికెళ్ళి మంచం అంచున కూర్చుంది. పిల్లాడి దుప్పటి సర్దింది.

"చరణ్, నాన్న గురించి..."

"నాకు తెలుసక్కా," అన్నాడు వాడు, ఇంకా సరిగ్గా పెగలని గొంతుతో. "ఆ రోజు నేను కూడా ఏడ్చాను గదా."